పెద్ద కంపెనీలో డేటా మోడలింగ్‌కి పెట్టే ఖర్చు తిరిగి వస్తుందా? మేనేజ్‌మెంట్‌కి ఎలా చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది పెద్ద జీవిత బీమా సంస్థ. పాత సిస్టమ్‌లలో చెల్లాచెదురుగా ఉన్న డేటాను ఒకచోటికి తెచ్చే ప్లాట్‌ఫామ్ కడుతున్నారు. మీ టీమ్ మోడలింగ్‌కి మూడు నెలలు అడిగింది. మీ వీపీ గారేమో "డేటా లేక్‌లోకి దింపేసి పైన డ్యాష్‌బోర్డులు కట్టండి, బొమ్మలు గీయడానికి మూడు నెలలా? దానివల్ల కంపెనీకి ఏం ఒరుగుతుంది?" అన్నారు. డేటా లేక్ అంటే ముడి డేటాను ఉన్నదున్నట్టు పోసి ఉంచే పెద్ద నిల్వ. వీపీ గారికేం చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఒరుగుతుంది, మీ సైజు కంపెనీలో చాలానే ఒరుగుతుంది. ఆ లాభం ముఖ్యంగా రెండు చోట్ల తేలుతుంది. శాఖల మధ్య అంకెలు కలవక ప్రతి నెలా వృథా అయ్యే మనుషుల సమయం ఒకటి. కొత్త ప్రోడక్టో, కొత్త రూలో, బ్యాంకుల విలీనమో వచ్చినప్పుడు సిస్టమ్‌లను సవరించడానికి అయ్యే ఖర్చు రెండోది. అయితే మీ వీపీ గారి అనుమానంలోనూ న్యాయం ఉంది. మూడు నెలలు గదిలో కూర్చుని కంపెనీ మొత్తానికి మోడల్ గీస్తామంటే నేనైనా డబ్బు మంజూరు చెయ్యను. ఒక్క సమస్య ఎంచుకుని ఆరు వారాలు అడగండి. ఎందుకో, ఎలాగో కింద రాస్తున్నాను. బీమా, బ్యాంకింగ్ డేటా పనుల్లో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి నా ఉదాహరణలన్నీ అక్కడివే.

మోడల్ లేని కంపెనీ ఉండదు

కస్టమర్ అంటే ఎవరు? పాలసీ ఏ రోజు నుంచి అమల్లో ఉన్నట్టు? ఒక పాలసీకి ఎంతమంది ఏజెంట్లు ఉండొచ్చు? ఇలాంటి ప్రశ్నలకు సంస్థంతా ఒప్పుకున్న జవాబులు రాసిపెట్టి, డేటాను దానికి తగ్గట్టు అమర్చడమే మోడలింగ్. పెట్టెలూ గీతలూ ఆ జవాబులను చూపించే పద్ధతి, అంతే. మీరు ప్లాన్‌లోంచి ఆ దశ తీసేసినంత మాత్రాన ప్రశ్నలు పోవు. క్వెరీ రాసే ప్రతి డెవలపరూ, ఎక్సెల్ షీట్ తిప్పే ప్రతి ఎనలిస్టూ వాటికి తనకు తోచిన జవాబు ఇచ్చుకుంటారు. ఆ జవాబు ఎక్కడో ఒక వేర్ కండిషన్‌లో (క్వెరీలో ఏ వరుసలు తీసుకోవాలో చెప్పే షరతులో) దాక్కుని ఉంటుంది. రాసిన మనిషి వేరే కంపెనీకి వెళ్ళిపోయాక అది ఎందుకలా ఉందో చెప్పేవాళ్ళు ఉండరు.

ముందు పోసేద్దాం, చదివేటప్పుడు చూసుకుందాం అనే పద్ధతిలో జరిగేది ఇదే. ఒకసారి అందరి ముందూ చెయ్యాల్సిన పని, చదివే ప్రతి ఒక్కరి నెత్తిన పడుతుంది. 1970లో ఐబీఎమ్‌లో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్‌ను (డేటాను టేబుల్‌లుగా చూసే పద్ధతిని) ప్రతిపాదించిన పత్రంలో మొదటి వాదనే ఇది: మెషీన్ లోపల డేటా ఎలా అమర్చి ఉందో వాడేవాళ్ళు తెలుసుకోవాల్సిన అవసరం ఉండకూడదు. మోడల్ లేని లేక్‌లో సరిగ్గా ఆ భారమే మళ్ళీ వాడేవాళ్ళ మీదికి వస్తుంది. కాబట్టి "మోడలింగ్ చెయ్యాలా వద్దా" అనే చర్చలోకే దిగకండి. ఒకసారి తెలిసి చేస్తారా, వంద చోట్ల తెలియకుండా చేస్తారా అన్నదే ప్రశ్న.

అమల్లో ఉన్న పాలసీలు ఎన్ని?

మీ కంపెనీలో రేపు పొద్దున్నే ఈ ఒక్క ప్రశ్న నాలుగు శాఖలకు మెయిల్ పెట్టి చూడండి. నాలుగు అంకెలు వస్తాయని నేను ధైర్యంగా చెప్పగలను.

సేల్స్ వాళ్ళు పాలసీ ఇష్యూ అయిన రోజు నుంచే లెక్కేస్తారు. కానీ బాండు అందాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువులో కస్టమర్ దాన్ని వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. ఫైనాన్స్ వాళ్ళకు ప్రీమియం జమ అయితేనే లెక్క. ప్రీమియం తేదీ దాటాక గ్రేస్ పీరియడ్ ఉంటుంది, నెలవారీ కట్టేవాళ్ళకు 15 రోజులు, మిగతావాళ్ళకు 30 రోజులు. ఆ గ్రేస్‌లో ఉన్న పాలసీని కస్టమర్ సర్వీస్ వాళ్ళు అమల్లో ఉన్నట్టే చూస్తారు, ఎందుకంటే ఆ రోజుల్లో మనిషి పోతే క్లెయిము ఇవ్వాల్సిందే. ఇక యాక్చువరీల (బీమా బాధ్యతలు లెక్కగట్టే నిపుణుల) దగ్గర పెయిడప్ అయినవీ (ప్రీమియం ఆపినా తగ్గిన మొత్తంతో కొనసాగేవి), లాప్స్ అయి (ప్రీమియం కట్టక ఆగిపోయి) రివైవల్ అంటే పునరుద్ధరణ గడువులో ఉన్నవీ కూడా పుస్తకాల్లో ఉంటాయి, వాటి మీదా బాధ్యత లెక్కకట్టాలి కాబట్టి.

ఈ నలుగురిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఎవరి పనికి వాళ్ళ లెక్క సరైనదే. గొడవ ఎక్కడంటే, నలుగురూ తమ అంకెకు "యాక్టివ్ పాలసీలు" అనే ఒకే పేరు పెట్టి ఎండీ గారి ముందు స్లైడ్ పెడతారు. నేను పనిచేసిన ఒక సంస్థలో బోర్డు మీటింగుకు ముందు వారమంతా సీనియర్ మేనేజర్లు ఈ తేడాలు వివరించే షీట్లు తయారుచెయ్యడంలోనే గడిపేవారు. 13వ నెల పర్సిస్టెన్సీ అంకె (ఏడాది దాటాక కూడా ప్రీమియం కడుతూ నిలిచిన పాలసీల శాతం) అయితే మరీ కష్టం. దాన్ని పాలసీల సంఖ్యలో చూస్తున్నారా, ప్రీమియం మొత్తంలో చూస్తున్నారా, ఫ్రీ లుక్‌లో వెనక్కి ఇచ్చినవి హారంలో ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఆ అంకె మీద ఏజెన్సీ మేనేజర్ల ఇన్సెంటివ్‌లు ఆధారపడి ఉంటాయి కాబట్టి వాదన త్వరగా తెగదు.

ఇక్కడ కొత్తగా వచ్చిన మోడలర్లు చేసే పని ఒకటుంది: నాలుగు శాఖలనూ కూర్చోబెట్టి ఒకే నిర్వచనం ఒప్పించాలని చూస్తారు. అది జరగదు, జరగాల్సిన అవసరమూ లేదు. మంచి మోడల్ జరిగిన సంగతులను విడిగా, తేదీలతో సహా దాచుకుంటుంది. ఇష్యూ తేదీ, ప్రీమియం రసీదులు, స్టేటస్ మారిన ప్రతిసారీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ స్టేటస్ అన్నది. వాటిపైన నాలుగు లెక్కలకు నాలుగు వేర్వేరు పేర్లు పెట్టి, ఒక్కోదానికి ఒక శాఖను బాధ్యురాలిని చేస్తుంది. అప్పుడు నాలుగు అంకెలూ ఉంటాయి, వాటి మధ్య తేడా ఎక్కడిదో ఒక్క క్వెరీలో కనపడుతుంది. మీటింగుకు ముందు వారం మిగులుతుంది.

ఆ వారానికి ఖరీదు కట్టండి

వీపీ గారికి కావాల్సింది డబ్బు లెక్క. ఇలా వెయ్యండి. కింది అంకెలు లెక్క వేసే విధానం చూపడానికి నేను అనుకున్నవి, మీ అంకెలు మీరు పెట్టుకోండి. నెలాఖరు లెక్కలు కలపడానికి ఐదు శాఖల నుంచి 14 మంది, ఒక్కొక్కరు నెలకు 4 రోజులు పెడుతున్నారనుకుందాం. ఏడాదికి 672 పనిదినాలు. మనిషికి రోజుకు కంపెనీకయ్యే ఖర్చు 6,000 రూపాయలు అనుకుంటే 40 లక్షల పైమాటే. ఇది ఒక్క రిపోర్టుల గుంపుకు. పెద్ద సంస్థలో ఇలాంటివి చాలా ఉంటాయి.

ఈ లెక్క మీరే వెయ్యకండి. ఫైనాన్స్ శాఖలో ఎవరినైనా కూర్చోబెట్టి వాళ్ళ చేత వేయించండి. డేటా టీమ్ తెచ్చిన ఆదా లెక్కను ఏ సీఎఫ్‌వో కూడా నమ్మరు, తన మనుషులు తెచ్చిన లెక్కను నమ్ముతారు. మరో జాగ్రత్త, ఈ 40 లక్షలూ ఆదా అవుతాయని రాయకండి. సగం తగ్గుతుందని రాసి, ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలుస్తామని రాయండి.

కస్టమర్ పాలసీ లోపల ఉన్నాడు

డబ్బు లెక్కకు అందని నష్టం ఒకటి చెబుతాను. పాత పాలసీ అడ్మిన్ సిస్టమ్‌లు చాలావరకు పాలసీ చుట్టూ కట్టినవి. మనిషి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అన్నీ పాలసీ రికార్డులోనే ఉంటాయి. ఒకాయనకు మూడు పాలసీలుంటే సిస్టమ్ దృష్టిలో ముగ్గురు మనుషులు. ఒక సంస్థలో నేను చూసిన సంగతి: ఒకాయన చనిపోయారు. ఒక పాలసీ మీద క్లెయిము పరిష్కరించి నామినీకి డబ్బు పంపారు. మిగతా రెండు పాలసీల మీద "మీ ప్రీమియం బాకీ ఉంది" అంటూ ఆయన పేరుతో మెసేజ్‌లు నెలల తరబడి ఆ ఇంటికి వెళుతూనే ఉన్నాయి. ఆ రెండు పాలసీలు ఉన్నాయని కూడా కుటుంబానికి వాటివల్లే తెలిసింది. వాళ్ళ ఫిర్యాదు చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

దాన్ని డేటా క్వాలిటీ సమస్య అని రాసుకుని, డూప్లికేట్లు ఏరే టూల్ కొన్నారు. ఏరారు. మళ్ళీ కొత్త పాలసీ అమ్మిన ప్రతిసారీ కొత్త డూప్లికేటు పుడుతూనే ఉంది, ఎందుకంటే లోపం మోడల్‌లో ఉంది. బీమాలో ప్రపోజర్ (పాలసీ కోసం దరఖాస్తు పెట్టే మనిషి) వేరు, లైఫ్ అష్యూర్డ్ (ఎవరి ప్రాణం మీద బీమా ఉందో ఆ మనిషి) వేరు, ప్రీమియం కట్టేవారు వేరు, నామినీ వేరు. హోమ్ లోను కోసం పాలసీని బ్యాంకుకు అసైన్ చేస్తే హక్కుదారు మళ్ళీ వేరు. ఒకే మనిషి ఒక పాలసీలో ప్రపోజర్, ఇంకోదాంట్లో నామినీ కావచ్చు. మనిషిని ఒకచోట ఉంచి, ప్రతి పాలసీలో ఆ మనిషి పాత్ర ఏమిటో తేదీలతో విడిగా రాస్తే ఈ చిక్కు విడిపోతుంది. మోడలర్లు దీన్ని పార్టీ, రోల్ అంటారు. కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు, బీమా రంగం డేటా ప్రమాణాలు తయారుచేసే అకార్డ్ మోడల్‌లోనూ, ఐబీఎమ్ లాంటివాళ్ళు అమ్మే బీమా మోడళ్ళలోనూ ఈ నిర్మాణం ఉంది.

అసలు డబ్బంతా మార్పులో ఉంది

నా అనుభవంలో పెద్ద లాభం ఇక్కడే. మొదటి రోజున మోడల్ ఉన్న సిస్టమూ లేని సిస్టమూ ఒకేలా పనిచేస్తాయి. ఇంకా చెప్పాలంటే లేనిదే ముందు పూర్తవుతుంది. తేడా మూడో ఏట తెలుస్తుంది.

మన రాష్ట్రాల ఉదాహరణే తీసుకోండి. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. చింతూరు మండలంలో ఉన్న ఒక పాలసీదారుని చూడండి. 2014కి ముందు ఆయన ఖమ్మం జిల్లా వాడు. రాష్ట్ర విభజనలో ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళి తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. ఆయన ఇల్లు మారలేదు, ఊరు మారలేదు. జిల్లా మారింది, రాష్ట్రమూ మారింది.

ఇప్పుడు కస్టమర్ టేబుల్‌లో జిల్లా అనే ఒక్క కాలమ్ ఉంటే ఏం చేస్తారు? మార్చకపోతే కొత్త రిపోర్టులు తప్పు. మారిస్తే పాత రిపోర్టులు తప్పు. ఖమ్మంలోంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయాక పాత అంకెలతో పోల్చి చూస్తే ఖమ్మంలో వ్యాపారం ఒక్కసారిగా పడిపోయినట్టు కనపడుతుంది. ఆ బ్రాంచి మేనేజరును పిలిచి సంజాయిషీ అడిగిన సందర్భం నాకు తెలుసు. ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం విడివిడిగా ఉండి, ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో ఒక టేబుల్‌లో ఉంటే, 2022 మార్పుకు కొన్ని వందల వరుసలు చేర్చడంతో పని అయిపోతుంది. పాత జిల్లాల లెక్కన చూడాలన్నా, కొత్త జిల్లాల లెక్కన చూడాలన్నా రెండూ వస్తాయి. అది లేనిచోట ప్రతి రిపోర్టునూ విప్పి మళ్ళీ రాయాలి.

బ్యాంకుల విలీనాలు ఇంకో ఉదాహరణ. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. తర్వాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. మన ప్రాంతంలో ఎన్ని కుటుంబాలకు ఆంధ్రా బ్యాంక్ ఖాతాలుండేవో మీకు తెలిసిందే. మెచ్యూరిటీ డబ్బు, పెన్షన్ ప్లాన్ల నెలసరి వాయిదాలు ఆ ఖాతాలకే వెళ్ళాలి. ఖాతా వివరాలను ప్రతి పాలసీలోనూ, ప్రతి క్లెయిములోనూ, ఏజెంటు కమీషన్ సిస్టమ్‌లోనూ విడివిడిగా కాపీ చేసి ఉంచిన సంస్థలు ఒక్కోచోటా వెతికి సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఖాతా, బ్రాంచి, ఐఎఫ్‌ఎస్‌సీ అనేవి ఒక్కచోట ఉండి మిగతావన్నీ దాన్నే చూపిస్తుంటే, పాత కోడుకు కొత్త కోడు జతచేసిన ఒక్క పట్టిక చాలు. బయటివాళ్ళు ఇచ్చే కోడ్ ఏదైనా ఒకనాటికి మారుతుంది. మన చేతిలో లేని కోడ్‌ను ప్రైమరీ కీగా (టేబుల్‌లో ప్రతి వరుసను గుర్తించే ప్రత్యేక నంబరుగా) వాడకండి. ఈ ఒక్క నియమం పాటించినా మోడలింగ్ ఖర్చులో సగం తిరిగొచ్చినట్టే అని నా నమ్మకం.

సంవత్సరానికి రెండు అంకెలు చాలు అని ఎప్పుడో తీసుకున్న ఒక్క మోడలింగ్ నిర్ణయాన్ని సరిచెయ్యడానికి వై2కే రోజుల్లో మన హైదరాబాదు నుంచి ఎంతమంది ఇంజినీర్లు అమెరికా వెళ్ళారో మీ వీపీ గారికి గుర్తుండే ఉంటుంది. ఆయన ఆ తరం మనిషే అయితే ఈ మాట బాగా పనిచేస్తుంది.

మీ రంగంలోనే ఇంకో రకం మార్పు ఉంది, ఏజెంటు కాలమ్. ఒక పాలసీకి ఒక ఏజెంటు అని మొదట్లో అందరూ అనుకుంటారు. తర్వాత బ్యాంకు శాఖల ద్వారా అమ్మకాలు మొదలవుతాయి, బ్రోకర్లు వస్తారు, కమీషన్ పంచుకునే ఏర్పాట్లు వస్తాయి. ఏజెంటు కోడ్ కాలమ్‌లో బ్యాంకు బ్రాంచి కోడ్ కూర్చోబెడతారు. ఏజెంటు మానేశాక ఆర్ఫన్ పాలసీలను (చూసుకునే ఏజెంటు లేకుండా మిగిలినవాటిని) ఇంకొకరికి అప్పగించినప్పుడు పాత కోడ్ మీదే కొత్త కోడ్ రాసేస్తారు. ఆ తర్వాత ఈ పాలసీ అసలు అమ్మిందెవరు అంటే చెప్పే దిక్కుండదు. మిస్ సెల్లింగ్ ఫిర్యాదు (తప్పుడు మాటలతో అమ్మారనే ఫిర్యాదు) వచ్చిన రోజున మొదట కావాల్సిన సమాచారం అదే.

సిస్టమ్‌ల మధ్య తీగలు

ఇది చిన్న లెక్క. 12 సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటే 66 జతలు, 66 అనువాదాలు. అందరూ ఒప్పుకున్న ఒక రూపంలోకి ఒక్కో సిస్టమూ ఒక్కసారి మార్చి ఇస్తే 12. నిజానికి ప్రతి సిస్టమూ ప్రతిదానితో మాట్లాడదు, కాబట్టి 66ను పట్టుకుని ఊగిపోకండి. మీ దగ్గర ఇప్పుడున్న ఇంటర్‌ఫేసులు (సిస్టమ్‌లను కలిపే ఇలాంటి తీగలు) లెక్కపెట్టి, పోయిన ఏడాది వాటి మార్పులకు వెండర్లకు ఎంత బిల్లు కట్టారో చూడండి. ఆ బిల్లులు ఎక్కడో ఒక ఫైల్‌లో ఉంటాయి. ఆర్‌ఓఐ (పెట్టిన డబ్బుకు వచ్చే లాభం) కాగితానికి అంతకంటే గట్టి ఆధారం దొరకదు.

రెగ్యులేటర్ల సంగతి

2008 సంక్షోభంలో పెద్ద బ్యాంకులు చాలావరకు, ఫలానా సంస్థ కూలితే తమ గ్రూపు మొత్తం మీద ఎంత పోతుందో త్వరగా కూడి చెప్పలేకపోయాయి. ఆ అనుభవంతోనే బాసెల్ కమిటీ (బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే సంస్థ) 2013 జనవరిలో రిస్క్ డేటా మీద 14 సూత్రాలు ప్రకటించింది. బీసీబీఎస్ 239 అనేది అదే. గ్రూపు మొత్తానికి ఒకే రకమైన డేటా నిర్మాణం, పేర్లు ఉండాలని అందులో ఉంది. అంటే మోడలింగ్ అక్కడ నియంత్రణ సంస్థలు కోరే విషయం అయిపోయింది. 2020 అక్టోబరులో అమెరికాలోని బ్యాంకుల నియంత్రణ సంస్థ ఓసీసీ, రిస్క్ నిర్వహణ, డేటా గవర్నెన్స్, అంతర్గత నియంత్రణల్లో లోపాలకు సిటీబ్యాంకుకు 40 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. సరిదిద్దడంలో పురోగతి చాలలేదని 2024 జులైలో ఓసీసీ మరో 7.5 కోట్లు, ఫెడరల్ రిజర్వ్ 6 కోట్లకు పైగా వేశాయి. ఆ లోపాలన్నిటికీ మోడల్ లేకపోవడమే కారణమని నేను చెప్పను, మీరూ చెప్పకండి. కానీ డేటా గందరగోళానికి కూడా ధర ఉంటుందని చూపడానికి ఇది పనికొస్తుంది.

బీమాకు దగ్గరగా రెండు విషయాలు చెప్పొచ్చు. అంతర్జాతీయంగా 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17 అనే బీమా అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం పాలసీలను పోర్ట్‌ఫోలియోలుగా, వాటిలో లాభనష్టాల అంచనాను బట్టి గుంపులుగా విడదీయాలి. ఏడాదికి మించిన తేడాతో ఇష్యూ అయిన పాలసీలు ఒకే గుంపులో ఉండకూడదు. పాలసీ ఏ తేదీన, ఏ అంచనాలతో పుస్తకాల్లోకి వచ్చిందో దాచుకోని సిస్టమ్ దగ్గర ఇది తలకు మించిన పని. రెండోది మన 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. తన డేటా సరిదిద్దమనీ, తీసెయ్యమనీ అడిగే హక్కు అందులో ఉంది. ఒక మనిషి మీ సిస్టమ్‌లలో ఎన్నిచోట్ల, ఎన్ని పేర్లతో ఉన్నాడో తెలియకపోతే సరిదిద్దేదెలా?

ఎప్పుడు వద్దంటాను

అన్నిటికీ మోడలింగ్ మందు కాదు. ఒక్కసారి చేసి పారేసే విశ్లేషణకు వద్దు. వ్యాపారం ఇంకా ఒక రూపానికి రాని కొత్త విభాగానికి పూర్తి మోడల్ గీయడం వృథా, వాళ్ళకే తెలియని విషయాన్ని మీరు గీయలేరు. మార్కెట్లో దొరికే ప్యాకేజీ కొంటుంటే దాని మోడల్‌ను దాని మానాన వదిలెయ్యండి, అందులోని మాటలకూ మీ మాటలకూ పొంతన మాత్రం రాసిపెట్టుకోండి. కన్సల్టెంట్లు అమ్మే రెడీమేడ్ ఇండస్ట్రీ మోడల్‌ను యథాతథంగా కట్టాలని చూడకండి. అందులో మీకు ఎప్పటికీ అక్కర్లేని వందల టేబుల్‌లు ఉంటాయి. మీరు మరిచిపోయినవి గుర్తుచేసే జాబితాగా వాడుకుంటే అది మంచి వస్తువు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తగలేసేది కంపెనీ మొత్తానికి ఒకేసారి చేసే ఎంటర్‌ప్రైజ్ మోడల్. రెండేళ్ళు సాగుతుంది, గోడంత ప్రింటు తీస్తారు, అప్పటికి సగం శాఖలు మారిపోయి ఉంటాయి. అలాంటి ప్రాజెక్టు ఒకటి చూసినవాళ్ళు మోడలింగ్ అనగానే ముఖం తిప్పుకుంటారు. మీ వీపీ గారు కూడా అలాంటిదే చూసి ఉంటారని నా ఊహ. వీలైతే అడిగి తెలుసుకోండి. ఆయన అసలు అభ్యంతరం అక్కడే ఉండొచ్చు.

ఆరు వారాల్లో ఏం చెయ్యాలి

పర్సిస్టెన్సీ రిపోర్టు ఎంచుకోండి. డబ్బుతో ముడిపడిన అంకె, అందరూ పట్టించుకునే అంకె, ఇప్పుడు గొడవ ఉన్న అంకె. దానికి కావాల్సిన మాటలు పదికి మించవు: పార్టీ, పాలసీ, ప్రోడక్టు, ప్రీమియం బాకీ, ప్రీమియం రసీదు, పాలసీ స్టేటస్, అమ్మకం ఛానల్, ఏజెంటు, ఇంకొకటి రెండు. మొదటి రెండు వారాలు శాఖలతో కూర్చుని ఒక్కోదానికి అర్థం రాయండి, తేడాలు దాచకుండా రాయండి. ప్రతి నిర్వచనం కింద వ్యాపార శాఖ నుంచి ఒక బాధ్యుడి హోదా ఉండాలి. డేటా టీమ్ ఒక్కటే సంతకం పెట్టిన నిర్వచనం మూడు నెలలు నిలవదు. ఈ మీటింగుల్లో పాత ఉద్యోగులను తప్పకుండా కూర్చోబెట్టండి. ముప్పై ఏళ్ళుగా బ్రాంచి ఆఫీసులో పనిచేసిన ఒకావిడ చెప్పిన రెండు ముక్కలు, అంతకుముందు మేం తిరగేసిన డాక్యుమెంట్లన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. ఏ రికార్డును ఎందుకు అలా నింపేవారో వాళ్ళకే తెలుసు.

తర్వాత రెండు వారాలు లాజికల్ మోడల్ (ఏ విషయాలు ఉన్నాయి, వాటి మధ్య సంబంధాలేమిటి అన్నది), దాన్నిబట్టి రిపోర్టింగ్‌కి ఒక స్టార్ స్కీమా (మధ్యలో అంకెల టేబుల్, చుట్టూ వివరాల టేబుల్‌లు). చివరి రెండు వారాలు నిజమైన డేటా పోసి పాత అంకెతో పోల్చడం. డేటాను లోడ్ చేసే పైప్‌లైన్‌లోనే పరీక్షలు పెట్టండి. రసీదు ఉండి పాలసీ లేకపోతే, ఒకే రోజుకు రెండు స్టేటస్‌లు ఉంటే, లోడ్ ఆగిపోవాలి. మోడల్ బొమ్మలో మాత్రమే ఉండి డేటాలో అమలు కాకపోతే ఏడాదిలో దాన్ని ఎవరూ నమ్మరు. మొదటి విడత తేలాక క్లెయిములకు వెళ్ళండి. పార్టీ, పాలసీ అప్పటికే సిద్ధంగా ఉంటాయి కాబట్టి రెండో విడత తక్కువ సమయంలో అవుతుంది. ఆ తగ్గిన సమయాన్ని కొలిచి రాసిపెట్టుకోండి, మూడో విడతకు డబ్బు అడిగేటప్పుడు అదే చూపించాలి.

ఒక విషయం మరిచిపోయేలా ఉన్నాను. ఈమధ్య ప్రతి మేనేజ్‌మెంటూ డేటా మీద ఏఐ చాట్‌బాట్ కావాలంటోంది, మీ వాళ్ళూ అడిగే ఉంటారు. స్టేటస్ అనే పేరుతో మూడు కాలమ్‌లు ఉన్న లేక్ మీద దాన్ని పెడితే, ఏదో ఒక కాలమ్ పట్టుకుని ఎక్కడా తడబడకుండా జవాబు చెప్పేస్తుంది. మనిషైతే కనీసం పక్క సీటులో ఉన్నవాళ్ళను అడుగుతాడు. వీపీ గారికి ఏఐ మీద ఉత్సాహం ఉంటే మోడలింగ్‌కి డబ్బు ఆ పద్దు కింద అడగడంలో తప్పేమీ లేదు, అది నిజంగా దానికి అవసరమైన పనే.

ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు మోడల్ బొమ్మ తీసుకెళ్ళకండి. ఒక్క పేజీ చాలు. అందులో నాలుగు శాఖలు ఇచ్చిన నాలుగు యాక్టివ్ పాలసీల అంకెలు, ఫైనాన్స్ వాళ్ళు వేసిన పనిదినాల లెక్క, పోయిన ఏడాది ఇంటర్‌ఫేసు మార్పుల బిల్లు ఉండాలి. చివర్లో "ఆరు వారాల్లో పర్సిస్టెన్సీ అంకె ఒక్కటి తేల్చి చూపిస్తాం, తేలకపోతే ఆపేద్దాం" అని రాయండి. "సార్, మోడలింగ్ ముఖ్యం" అనే మాట ఆ పేజీలో ఎక్కడా ఉండాల్సిన పని లేదు.

మీ పాత పాలసీ అడ్మిన్ సిస్టమ్‌లు ఎన్ని, వాటిలో కస్టమర్ నంబరు విడిగా ఉన్నది ఎన్నిట్లో అన్నది రాస్తే, పార్టీ భాగం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.